కామాఠీపురా ఠేకేదార్లు, ఫూలే దంపతులు

వ్యంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు, నర్సింగరావు సాయబు వడ్నాల, రామయ్య వెంకయ్య అయ్యవారు. సత్యశోధక్ సమాజ్ గురించిన మరాఠీ పుస్తకాల్లో ఈ పేర్లు తగులుతూనే ఉంటాయి. మరాఠీ కలం కింద పడి కొంచెం ఒంకర పోయాయి గానీ, మనోళ్ల పేర్లే. వెంకు వ్యంకు అయ్యాడు. ఇంటిపేరు చివర మనం అనే 'వారు' అక్కడ 'వార్' అయింది. ముంబైలో, నాందేడ్‌లో ఇప్పటికీ ఎన్ని 'వార్'లు ఉన్నాయో చూడండి.

వీళ్లు బొంబాయిలో కట్టడాల ఠేకాలు పట్టినవాళ్లు. హార్న్‌బీ వెల్లార్డ్ 1784లో పూర్తయ్యాక, సముద్రపు నీళ్లు నిలిచే పల్లపు నేల మెల్లగా పూడింది. నిజాం ఇలాకా నుంచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. వాళ్లని కామాఠీలు అన్నారు, పేట కామాఠీపురా అయింది. ఈ పేట పేరు చెప్పగానే జనం మొహం ఎట్లా మారుతుందో మనకి తెలుసు. సంబంధం మాట్లాడేటప్పుడు అడ్రసు మింగేసి "బైకుల్లా దగ్గర" అనే ఇళ్లు ఎన్ని లేవు? ఆ చెడ్డపేరు తర్వాత వచ్చింది. రాయి, సున్నం, తాపీ ముందు.

పుణెలో జోతిరావు ఫూలేది కూడా కొంత అదే వ్యాపారం. ఆయన్ని బడి పెట్టినవాడిగానే చెబుతారు, ఠేకేదారుగా తక్కువ చెబుతారు. 1870లలో పుణె దగ్గర నది మీద ఆనకట్ట కడుతుంటే కట్టడం సరుకు సరఫరా చేసింది ఆయనే. కూలీకి మస్టరు మీద ఎంత రాస్తారు, చేతికి ఎంత వస్తుంది అనేది ఠేకా పట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కామాఠీపురా వాళ్లతో ఆయనకి మాట కలవడానికి ఇది పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది. పైగా 1863లో భోర్ ఘాట్ రైలుదారి తెరిచాక పుణె బొంబాయికి దగ్గరైంది. బైకుల్లాలో దిగితే పేట నాలుగడుగులే.

ఆ దంపతుల ఇంటి సంగతి కూడా చెప్పాలి. జోతిరావు చదివింది స్కాటిష్ మిషన్ బడిలో. సావిత్రిబాయి పంతులమ్మ పని నేర్చుకుంది మిషనరీ ఆడవాళ్ల దగ్గర. వాళ్లలో ఒకరు సింథియా ఫరార్, పెళ్లి చేసుకోకుండా 1827లో అమెరికా నుంచి బొంబాయికి వచ్చి, 1862లో అహ్మద్‌నగర్‌లోనే కన్నుమూసిన మనిషి. ఫూలే దంపతులు చదువు తీసుకున్నారు, మతం తీసుకోలేదు. 1848లో ఆడపిల్లల బడి పెట్టారు. 1868లో తమ ఇంటి నీళ్ల తొట్టి అంటరానివాళ్లకి తెరిచారు. పిల్లలు లేరు, ఒక బ్రాహ్మణ వితంతువు కన్న బిడ్డని యశ్వంత్ అని పెంచుకున్నారు. 1877 కరువులో ఆకలి పిల్లలకి అన్నం పెట్టే పని ఇద్దరూ నెత్తినేసుకున్నారు.

సమాజం పుట్టింది 1873 సెప్టెంబరు 24న. పురోహితుడు లేకుండా పెళ్లిళ్లు చేస్తుంటే ఊరంతా ఎదురు తిరిగింది, తమ మాట అచ్చు వేసుకోవడానికి సమాజానికి సొంత ప్రెస్సు లేదు. అప్పుడు బొంబాయి తెలుగు మిత్రులు పన్నెండు వందల రూపాయల అచ్చు యంత్రం కొని ఇచ్చారు. కూలి అణాల్లో లెక్కపెట్టే కాలం అది! పైగా వాళ్లలో ఎవరికీ మరాఠీ ఇంటి భాష కాదు. తమ భాష కాని భాషలో అచ్చు కోసం అంత డబ్బు పెట్టారంటే అది దానం కన్నా స్నేహమే.

తర్వాత కృష్ణారావు భాలేకర్ 1877లో 'దీనబంధు' పత్రిక మొదలుపెట్టారు. 1880లో నారాయణ్ మేఘాజీ లోఖండే దాన్ని బొంబాయికి తెచ్చారు. 1884లో మిల్లు కూలీల సంఘం పెట్టిందీ ఆయనే. 1888 మే 11న మాండవీ కోళీవాడలో జోతిరావుని జనం 'మహాత్మా' అన్నారు. ఆ ఏడే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, ఎడంచేత్తో ఆఖరి పుస్తకం రాశారు. 1890 జూన్ 10న మిల్లులకి ఆదివారం సెలవు ఖాయమైంది. ప్రభాదేవి, వర్లీ చాళ్లలో ఉన్న మన నేతపని వాళ్ల ఇళ్లలో తర్వాత ఎన్నో తరాలు అనుభవించింది ఆ సెలవే. అదే ఏడు నవంబరు 28న జోతిరావు పోయారు. సావిత్రిబాయి 1897 మార్చి 10న, ప్లేగు రోగులకి సేవ చేస్తూ అదే ప్లేగుతో పోయింది.

నర్సింగరావు వడ్నాలది ఏ ఊరు, ఏ గల్లీ? కాళేవార్ల వంశంలో ఇప్పుడెవరున్నారు? మీ ఇంట్లో పాత ఠేకా కాగితాలు, ఖోలీ అద్దె రసీదులు, పెళ్లి పత్రికలు ట్రంకు పెట్టె అడుగున ఉంటే పారెయ్యకండి. ఫోటో తీసి మాకు పంపించండి.