సార్థంతో నడక, సొంత నడక

గత శీతకాలంలో మా మనుమడు హైదరాబాదు పాతబస్తీ చూడాలని పట్టుపట్టాడు. రెండు రోజుల మజిలీ. బయలుదేరే ముందే ఇంట్లో చిన్న వివాదం మొదలైంది. చరిత్ర చెబుతూ కాలినడకన నగరం చూపించేవారు రెండు విధాలుగా దొరుకుతున్నారు. పదిహేను ఇరవైమంది అపరిచితులను ఒకచోట చేర్చి, తలకింత అని రుసుము తీసుకొని త్రిప్పడం ఒక పద్ధతి. పూటకింత అని ఇచ్చి, మన కుటుంబం మట్టుకే ఒక మార్గదర్శిని కుదుర్చుకోవడం మరొక పద్ధతి. మనుమడు మొదటిది కావాలన్నాడు. మోకాళ్ళ నొప్పితో బాధపడే మా ఇల్లాలు రెండవదే మేలన్నది. తీర్పు నాకు వదిలారు. తీర్పు చెప్పేముందు పూర్వపక్షం వినడం మా పండితుల అలవాటు. పూర్వులు ఊళ్ళు ఎలా చూశారో తెలుసుకొందామని నాలుగు పుస్తకాలు తిరగవేశాను. ఆ చదువూ, ఆ రెండు రోజుల అనుభవమూ కలిపి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మన వాఙ్మయంలో ఈ రెండు పద్ధతులకూ మూలరూపాలు కనబడతాయి. సంస్కృతంలో 'సార్థం' అంటే కలిసి ప్రయాణించే వర్తకుల గుంపు. దానిని నడిపించేవాడు సార్థవాహుడు. నలుడు విడిచి వెళ్ళిన తరువాత దమయంతి చేది దేశానికి చేరింది అటువంటి సార్థాన్ని ఆశ్రయించే. దారిలో ఏనుగులు పడి ఆ సార్థాన్ని చెల్లాచెదరు చేశాయి. గుంపులో రక్షణా ఉంది, గుంపుకు వచ్చే ఆపదలో భాగమూ ఉంది. ఇక రెండవ పద్ధతికి ఉదాహరణ మేఘదూతం. అందులో యక్షుడు ఒకే ఒక్క బాటసారికి, అదీ మేఘానికి, రామగిరి నుండి అలకాపురి దాకా దారి చెబుతాడు. వంకరదారి అయినా సరే ఉజ్జయిని చూసి వెళ్ళమంటాడు. ఒక్కరికోసమే దారి చెప్పేవాడు ఉంటే దారి మళ్ళే స్వేచ్ఛ ఉంటుందని కాళిదాసు ఆనాడే గ్రహించాడు.

పుణ్యక్షేత్రాలలో ఈ పనిని పండాలు చేశారు. యాత్రికుని ఊరూ వంశమూ అడిగి, ఆ ప్రాంతంవారిని చూసుకొనే పండా దగ్గరకు చేర్చే ఏర్పాటు కాశీ, గయ, హరిద్వారం వంటి చోట్ల తరతరాలుగా ఉంది. హరిద్వారపు పండాల బహీలలో తాతముత్తాతల పేర్లు దొరుకుతాయి. మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, కలకత్తా మార్గాన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట సుమారు వందమంది పరివారం. ప్రయాణం ఆయన సొంతమే, అయినా నడిచింది సార్థమే. దారిలో చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి వ్రాసి పంపడం వల్ల, 1838లో అచ్చయిన కాశీయాత్రాచరిత్ర ఇంటివద్దనే ఉన్న వేలమందికి మార్గదర్శి అయింది.

ఐరోపాలో ఈ వివాదం మరింత తీవ్రంగా సాగింది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో ఆంగ్ల ప్రభుకుమారులు ఇటలీ చూడబోతూ వెంట ఒక గురువును తీసుకొని పోయేవారు. రోమునగరం చేరాక స్థానికుడైన ఒక మార్గదర్శిని కుదుర్చుకొనేవారు. అతనికి 'చిచెరోనే' అని పేరు. రోమను మహావక్త సిసిరో పేరు నుండి వచ్చిన మాట అది. వాగ్ధాటిలో వీరు ఆయనకు తీసిపోరని కాబోలు! ఈ వైభవమంతా ధనికులదే. 1841 జూలై 5న థామస్ కుక్ అనే మద్యపాన నిషేధ ప్రచారకుడు లెస్టరు నుండి లఫ్‌బరోకు సుమారు 500 మందిని తలకు ఒక షిల్లింగు చొప్పున రైలులో తీసుకొనిపోయాడు. 1864 నాటికి ఆయన గుంపులు ఇటలీ చేరాయి. ఒంటరిగా వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకోని స్త్రీలు కూడా ఆ గుంపులతో దేశాలు చూశారు. ఇది కొందరు పెద్దలకు కంటగింపయింది. 1865లో చార్లెస్ లీవరు అనే రచయిత ఆ యాత్రికులను మందలతో పోల్చి ఎగతాళి చేశాడు. కుక్ దానికి ఘాటుగానే జవాబిచ్చాడు. జర్మనీలో కార్ల్ బేడెకరు మూడవ దారి త్రొక్కాడు. కూలికి కుదిరే మార్గదర్శుల చేతిలో యాత్రికుడు చిక్కకూడదని, జేబులో ఇమిడే పుస్తకాలు అచ్చువేశాడు. అంటే మనం నేడు ఎవరితో నడవాలని అడిగే ప్రశ్న వెనుక, నగరం చూసే హక్కు ఎవరిదన్న పాత తగవు ఒకటి ఉంది.

ఇంత చదివాక కూడా తీర్పు తేలలేదు. రెండు రోజులున్నాయి గనుక రెండూ చూద్దామన్నాను.

మొదటి రోజు సార్థంతో నడిచాము. చార్‌కమాన్, గుల్జార్ హౌజు, చార్మినారు, లాడ్‌బజారు, అన్నీ రెండు గంటలలో. మార్గదర్శి మంచి మాటకారి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా భాగమతిని ప్రేమించి ఆమె పేర నగరం కట్టించిన కథను కళ్ళకు కట్టినట్లు చెప్పాడు. గుంపులో ఉన్న ఒక కళాశాల విద్యార్థిని చేయెత్తి, ఆ కథను షేర్వానీ వంటి చరిత్రకారులు అంగీకరించలేదు కదా అన్నది. ఫిరిష్తా వ్రాసినదాన్ని బట్టి నమ్మేవారూ ఉన్నారని అతడు సర్దుకొన్నాడు. ఆ అమ్మాయి లేకపోతే మా మనుమడు కథనే చరిత్ర అనుకొని ఇంటికి వచ్చేవాడు.

చార్మినారు క్రింద మరొక ముచ్చట జరిగింది. గడియారాలు బాగుచేసే వృత్తిలో ఉన్న ఒక పెద్దాయన తల పైకెత్తి, "ఈ గడియారాలు కట్టడంతోపాటు పెట్టినవేనా?" అని అడిగారు. కట్టడం 1591 నాటిదనీ, గడియారాలు 1889లో అమర్చారనీ జవాబు వచ్చింది. నేను నలభై ఏళ్ళుగా చార్మినారును చూస్తున్నాను. ఆ గడియారాలు దానితోపాటే పుట్టాయా అన్న సందేహం నాకు ఏనాడూ కలగలేదు.

ఇంతలో వెనుదిరిగి చూస్తే మా ఇల్లాలు లేదు. లాడ్‌బజారులో ఒక గాజుల దుకాణం మెట్టు మీద కూర్చుని ఉంది. మార్గదర్శి ఆగలేదు. ఇరవైమందిని పెట్టుకొని ఆగడం అతనికి సాధ్యమూ కాదు. "ఏమండీ, నేను చార్మినారు చూడలేదు, ముందు నడిచేవాళ్ళ వీపులు చూశాను" అన్నది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకొన్నది. పూర్వులను గురించి అంత చదివి, పక్కన నడిచే మనిషి మోకాళ్ళు మరచిపోయాను.

రెండవ రోజు మా ముగ్గురికే ఒక యువకుణ్ణి కుదుర్చుకొన్నాము. ఆమె కూర్చున్నచోటల్లా అతడూ కూర్చున్నాడు. మక్కా మసీదు ఆవరణలో చాలాసేపు గడిపాము. అక్కడి రాతి బల్ల మీద కూర్చున్నవారు మళ్ళీ ఈ ఊరికి వస్తారని చెప్పుకొంటారట. ఆమె సంతోషంగా కూర్చున్నది. అక్కడే నా మనసులోని ప్రశ్న అడిగాను. 1617లో మొదలైన ఈ మసీదు 1694 దాకా ఎందుకు పూర్తి కాలేదని. ముగ్గురు కుతుబ్‌షాహీ సుల్తానుల కాలం దాటి, 1687లో ఆ వంశాన్నే అంతం చేసిన ఔరంగజేబు చేతిలో ఆ పని ముగిసిందని అతడు నిదానంగా వివరించాడు. ఒకరు మొదలుపెట్టినది వారిని జయించినవాడు పూర్తిచేయడం అన్న విషయం మీద అరగంట మాట్లాడుకొన్నాము. సార్థంలో ఈ అరగంట దొరకదు.

ఆ చివరి సుల్తాను తానాషా పేరు వినగానే నాకు రామదాసు, అక్కన్న మాదన్నలు గుర్తుకు వచ్చారు. 1686లో హత్యకు గురైన ఆ సోదరుల పేర వెలసిన ఆలయం హరిబౌలిలో ఉంది, చూస్తారా అన్నాడు. ఆటో ఎక్కి వెళ్ళాము. అదే మా ఉజ్జయిని.

అయితే ఒక లోపమూ గమనించాను. నేను తెలుగు పండితుణ్ణని తెలిశాక ఆ యువకుడు నాకు నచ్చే కథలే ఎంచి చెప్పసాగాడు. కాదనడానికి పక్కన ఎవరూ లేరు. మనుమడు కూడా సాయంత్రం, "తాతయ్యా, నిన్నటి నడకే బాగుంది, అందరూ అడుగుతూ ఉన్నారు" అన్నాడు.

ఇక తీర్పు. సొంత మార్గదర్శి మన ప్రశ్నకు జవాబిస్తాడు. సార్థం మనకు తోచని ప్రశ్నను ఇస్తుంది. కాళ్ళలో సత్తువ ఉండి, ఊరు కొత్తదైతే మొదట సార్థంతో నడవడం మంచిది. ఖర్చూ తక్కువ. మనసులో ఒక ప్రశ్న పాతుకొని ఉన్నా, వెంట వృద్ధులో పసివారో ఉన్నా సొంత నడకే శరణ్యం. నలుగురైదుగురు పంచుకొంటే భారమూ తగ్గుతుంది. ఏదైనా సరే, గుంపులో ఎందరుంటారు, మధ్యలో కూర్చునే చోట్లున్నాయా, దారి మళ్ళవచ్చా అని ముందే అడగండి. శుక్రవారం చౌమహల్లా ప్రాసాదానికి సెలవు, మసీదులో మధ్యాహ్నం ప్రార్థనల రద్దీ. ఆ రోజు మానుకోండి.

మా ఇల్లాలు ఆ రాతి బల్ల మాట మరచిపోలేదు. మళ్ళీ వెళదామంటున్నది. ఈసారి సార్థం ఉదయం నాకూ మనుమడికీ, సొంత నడక సాయంత్రం ముగ్గురికీ అని ఒప్పందం కుదిరింది.

స్వస్తి.