గృహహింస కేసుల్లో గతం గురించిన ప్రశ్నలు

గృహహింస కేసు విచారణలో ఫిర్యాదు చేసిన స్త్రీని ఆమె పాత పెళ్లి గురించో, పెళ్లికి ముందటి పరిచయాల గురించో ఎదుటి పక్షం వకీలు అడగడం తెలుగు నేల మీది కోర్టుల్లో చాలాకాలంగా సాగుతున్నదే. హనుమకొండలోని అదాలత్ కూడలి దగ్గరి వరంగల్ కోర్టులూ ఇందుకు మినహాయింపు కావు.

ఇలా అడగడానికి చట్టంలో కొన్ని ఆధారాలున్నాయి. 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం కింద రక్షణ కావాలంటే ముందు ఆ ఇద్దరి మధ్య కుటుంబ సంబంధం ఉందని తేలాలి. పెళ్లిలాంటి సహజీవనం అని చెప్పుకోవాలంటే ఇద్దరికీ చట్టప్రకారం పెళ్లాడే అర్హత ఉండాలని 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు అంది. దాంతో మొదటి పెళ్లి రద్దయిందా లేదా అన్నది పెద్ద ప్రశ్న అయింది. భరణం కేసుల్లో మరొకటి: వ్యభిచార జీవితం గడుపుతున్న భార్యకు భరణం రాదని నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ చెప్పింది. ఈ రెండు సందర్భాల్లో అడగడం వేరు, మనిషిని చిన్నబుచ్చడానికి అడగడం వేరు.

రెండో రకానికి మూలం 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉంది. దాని ముసాయిదా జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్‌ది. అత్యాచారం కేసులో బాధితురాలి నడవడి మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి 155(4) సెక్షన్ దారి ఇచ్చింది. ఆ దారి ఎంత క్రూరమైనదో 1978లో హైదరాబాద్ చూసింది. నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ ప్రాణం పోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల పక్షం ఆమె పాత పెళ్లిళ్లను తవ్వింది, ఆమెను వేశ్యగా చూపాలని చూసింది. కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. రాయచూరుకు బదిలీ అయిన కేసులో మాత్రం 1981లో నిందితులు విడుదలయ్యారు.

లా కమిషన్ 172వ నివేదిక తర్వాత, 2002 డిసెంబర్ 31 నుంచి 155(4) చట్టంలోంచి పోయింది. 2013 సవరణ ఈ రక్షణను ఇంకా గట్టిచేసింది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 48వ సెక్షన్‌లోనూ అది నిలిచింది. అయితే ఈ రక్షణంతా లైంగిక నేరాలకే. భర్త, అత్తింటివారి క్రూరత్వంపై 1983లో శిక్షాస్మృతిలోకి వచ్చిన 498ఎ సెక్షన్ కేసుకు గానీ, గృహహింస చట్టం కింద వేసే పిటిషన్‌కు గానీ ఇది వర్తించదు. ఇంట్లో దెబ్బలు తిన్న మనిషికి చట్టం మిగిల్చిన లోటు ఇదే.

ఆ లోటు వాంగ్మూలంలో కనబడుతుంది. 'మీకు ఫలానా ఆయనతో సంబంధం ఉంది కాబట్టే కాపురం వదిలి వచ్చారు, అవునా?' అని వకీలు అడుగుతారు. 'కాదు సార్' అంటుంది ఆమె. కాగితం మీదికి ఎక్కేది మాత్రం ఇంకోలా ఉంటుంది: నాకు ఫలానా వ్యక్తితో సంబంధం ఉందని, అందుకే కాపురం వదిలానని అనడం నిజం కాదు. ఆరోపణ మొత్తం ఆమె నోటి మాటగా నమోదై, కింద ఆమె సంతకం పడుతుంది. వకీళ్లు దీన్ని 'సజెషన్' అంటారు. తమ వాదనను సాక్షి ముందు ఉంచకపోతే తర్వాత వాదించే వీలుండదని వారి సమాధానం. అది నిజమే. కానీ పదేళ్ల కిందటి పరిచయం నిన్నటి దెబ్బకు జవాబు ఎలా అవుతుంది?

రాజీ ఒత్తిడి కూడా ఇందులో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణతో 498ఎ కేసును కోర్టు అనుమతితో రాజీ చేసుకునే వీలు వచ్చింది, రాజీ అడిగాక మూడు నెలల గడువు పెట్టారు. నలుగురిలో ఇలాంటి ప్రశ్నలు ఎదురైన ఆడమనిషికి, ఆమె పుట్టింటివారికి, రాజీయే గౌరవంగా తోచడంలో వింత లేదు.

అడ్డుకునే అధికారం జడ్జికి ఉంది. సాక్షి గుణాన్ని ప్రశ్నించే మాటకు జవాబు చెప్పాలా వద్దా అన్నది అధినియం 151వ సెక్షన్ ప్రకారం కోర్టే నిర్ణయిస్తుంది. సంగతి మరీ పాతదైతే ఆ ప్రశ్న సరికాదనీ అందులోనే ఉంది. అసభ్యమైన, అవమానించే ప్రశ్నలను 154, 155 సెక్షన్లు ఆపుతాయి. గృహహింస పిటిషన్‌ను మూసిన గదిలో వినమని గృహహింస చట్టం 16వ సెక్షన్ కింద ఆమే కోరవచ్చు. ప్రశ్న పడిన క్షణంలోనే లేచి అభ్యంతరం చెప్పే వకీలు పక్కన ఉంటేనే ఇవి అక్కరకొస్తాయి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఏ మహిళకైనా, ఆదాయం ఎంతున్నా, అలాంటి వకీలును జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇవ్వాలి.