బావినీరు – బిగిసిన కీళ్లు

మెడ త్రిప్పలేక మొండెమంతయు త్రిప్పి చూచువారిని నల్లగొండ పల్లెలలో చాలకాలము వాతరోగులనుకొనిరి. జనగామయు నిజాము పాలనలో ఆ జిల్లా తాలూకాయే. 2016లో తానే జిల్లా అయినది. కచ్చేరి కాగితములు మారినవి గాని నేలక్రింది రాయి మారలేదు. అచ్చటి కొన్ని బావులలోను ఫ్లోరైడు అధికమే.

దోషము నీటిదని 1937లో షార్టు, మెక్‌రాబర్టు మొదలగు వైద్యులు మదరాసు రాజధాని రోగులను పరిశీలించి ప్రకటించిరి. నల్లగొండను గూర్చి సిద్దిఖీగారి వ్యాసము 1955లో వెలువడినది.

రాతిపొరల ఫ్లోరైడు నీటిలో కరగి, ఏండ్ల తరబడి త్రాగినచో మన ఎముకలలో నిలిచిపోవును. కీళ్లను కట్టియుంచు నారలవంటి బంధనములు సున్నము పట్టి ఎముకవలె గట్టిపడును. వెన్నుపూసలు ఒకదానితో నొకటి అతుకుకొని వీపు కఱ్ఱబారును. వాటి నడిమి మార్గము ఇరుకై వెన్నుపాము నలిగినచో నరముల ఆజ్ఞ కండరములకు అందదు, కాళ్లు చచ్చుబడును. కండకు నూనె మర్దించిన ఫలమేమి?

పటిక, సున్నము కలిపి నీటిని తేర్చు పద్ధతిని నాగపూరు పరిశోధకులు రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. సులభమే గాని, పటిక పాళ్లు నీటినిబట్టి మారును. ఇంటింట కడవకడవకును వాటిని కొలుచువారెవ్వరని మా సందేహము.