డ్రెస్‌డెన్ నుంచి సాలూరు కొండల దాకా

136వ దావీదు కీర్తనలో 26 వచనాలు. ప్రతి వచనం మొదటి సగంలో ఒక కొత్త సంగతి, రెండో సగంలో దేవుని కృపను గురించిన అదే మాట. ఒకరు అందిస్తే పదిమంది అందుకోవడానికి కట్టిన పాట ఇది. జర్మన్ స్వరకర్త హైన్‌రిఖ్ షూట్స్ 1619లో డ్రెస్‌డెన్‌లో అచ్చువేయించిన ‘దావీదు కీర్తనలు’ సంపుటిలో ఇదీ ఉంది. వెనిస్‌లో జొవాన్ని గాబ్రియేలి దగ్గర నేర్చిన విద్యను షూట్స్ అందులో ధారపోశాడు. గాయకులను బృందాలుగా విడదీశాడు. ఆరితేరిన కొద్దిమంది ఎత్తుకుంటే పెద్ద బృందం గొంతు కలుపుతుంది. తాళం పరుగెత్తితే మాటలు వినపడవనీ, ఈగల కొట్లాటే మిగులుతుందనీ ముందుమాటలోనే హెచ్చరించాడు. ఆ శ్రద్ధంతా మాట మీదే.

1625లో షూట్స్ భార్య చనిపోయింది. ఆ దుఃఖంలో ఆయన కొర్నేలియుస్ బెకర్ పద్యాలుగా రాసిన కీర్తనలకు నాలుగు గొంతుల తేలిక వరసలు కట్టి, 1628లో వెలువరించాడు. ముప్పయ్యేళ్ల యుద్ధంతో డ్రెస్‌డెన్ ఆస్థాన గాయకబృందం చితికిపోయాక, 1636లోనూ 1639లోనూ కొద్ది గొంతులతో సరిపెట్టుకునే చిన్న కృతులు ప్రచురించాడు. మన సాలూరు కొండల్లోని క్రైస్తవ సంఘాలకు దగ్గరివాడు ఈ షూట్సేనని నా నమ్మకం.

ఇక తెలుగు దారి. మద్రాసులో పనిచేసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగు చేశాడు గానీ అది అచ్చు కాలేదు. జర్మనీకి తిరిగి వెళ్లాక 1746–47లో హాలె పట్నంలో కొన్ని తెలుగు పుస్తకాలు మాత్రం అచ్చయ్యాయి. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెగ్రాంజ్ అనే మిషనరీ దొరలు ఆనందరాయరు సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు.

పాట విషయంలో అసలు మలుపు పురుషోత్తమ చౌదరిది (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన ఆయన పల్లవి, చరణాలు, రాగం, తాళం ఉన్న క్రైస్తవ కీర్తనలు రాశాడు. 136వ కీర్తనలో తిరిగి తిరిగి వచ్చే మాట చేసే పనినే ఇక్కడ పల్లవి చేస్తుంది. సంఘమంతా అందుకుంటుంది, చరణం మారినా దారి తప్పదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఇప్పటికీ కనిపిస్తాయి. విదేశీ వరసను అరువు తెచ్చుకోవలసిన పని లేకుండా చేసిన ఆ పెద్దాయనకు దక్కవలసినంత పేరు దక్కలేదు.

షూట్స్ పెరిగిన లూథరన్ సంప్రదాయం తూర్పు కనుమలు ఎక్కింది మాత్రం 1882 తర్వాతే. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ మిషన్ వారు సాలూరు, కోరాపుట్‌లలో మకాం వేశారు. అరకు, సాలూరు, కోరాపుట్ కొండల్లో కోదులు మాట్లాడే కువి భాషకు వారిలో ఒకరైన ఎఫ్.వి.పి. షుల్జే వ్యాకరణం రాస్తే 1911లో అచ్చయింది. మళ్లీ పాట దగ్గరికొస్తే, డ్రెస్‌డెన్ బృందాలకు ఆస్థానం జీతాలివ్వాలి, ఏళ్ల తరబడి సాధన చేయించాలి. కొండమీది చిన్న సంఘంలో పల్లవి ఎత్తుకునే మనిషి ఒక్కరుంటే పాట మొదలవుతుంది.