వాతావరణ మార్పు: భావి తరాలపై భారం

ఒక తరం గాలిలోకి వదిలిన హరితగృహ వాయువుల నష్టాన్ని తర్వాతి తరాలు భరించవలసి రావడం వాతావరణ మార్పులోని ప్రధాన నైతిక సమస్య. బొగ్గు, చమురు ఇచ్చే సౌకర్యం వాడుకున్నవారికి వెంటనే దక్కుతుంది. వడగాడ్పులు, కరవులు, సముద్రపు ముంపు మాత్రం ఆ నిర్ణయాలతో ఏ సంబంధమూ లేని, ఇంకా పుట్టనివారిని కూడా వెంటాడతాయి.

భారం నిలిచిపోవడానికి కారణాలు

పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280) ఉండేది. 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతంపై చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టేనాటికి అది 315కు చేరింది. ఇప్పుడు 420 దాటింది. ఇందులో కొంత భాగం వేల ఏళ్లు గాలిలోనే ఉండిపోతుంది. అదనపు వేడిలో 90 శాతం సముద్రాలే పీల్చుకుంటున్నాయి. అందుకే ఉద్గారాలు నేడే ఆగిపోయినా సముద్రమట్టం శతాబ్దాలపాటు పెరుగుతూనే ఉంటుంది.

గోదావరి, కృష్ణా డెల్టాలకు ఈ ముప్పు రెండింతలు. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడంతో డెల్టా నేల కుంగుతుంటే, మరోవైపు సముద్రం పైకి వస్తోంది. ఉప్పునీరు ఎక్కిన వరిచేను చవుడు తేలుతుంది. మంచినీటితో పదేపదే కడిగితే తప్ప ఆ మడిలో మళ్లీ పంట నిలవదు. అలాంటి భూమి వారసత్వంగా అందుకున్న రైతు బిడ్డకు ఆస్తి కంటే ఖర్చే ఎక్కువ.

ఆర్థిక లెక్క

భవిష్యత్తు నష్టానికి నేటి విలువ కట్టడానికి ఆర్థికవేత్తలు డిస్కౌంట్ రేటు వాడతారు. వందేళ్ల తర్వాత జరిగే 100 రూపాయల నష్టం విలువ 5 శాతం రేటుతో నేడు 76 పైసలే, 1.4 శాతం రేటుతో దాదాపు 25 రూపాయలు. వాతావరణ మార్పుపై ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ 2006లో ఇచ్చిన నివేదిక తక్కువ రేటునే ఎంచుకుంది. ఆలస్యంగా పుట్టినంత మాత్రాన మనిషి బాగోగులకు విలువ తగ్గకూడదన్నది దాని వాదన.

చట్టపరమైన రక్షణ

1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం నేటి తరాలతోపాటు భావి తరాల మేలు కోసం కూడా వాతావరణాన్ని కాపాడాలని చెప్పింది. 2030 తర్వాతి కాలంపై అధిక భారం నెడుతోందంటూ జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2021లో అక్కడి వాతావరణ చట్టంలోని కొంత భాగాన్ని తప్పుపట్టింది. దాంతో ప్రభుత్వం 2030 నాటి ఉద్గారాల కోత లక్ష్యాన్ని 55 నుంచి 65 శాతానికి పెంచింది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో ఇమిడి ఉందని భారత సుప్రీంకోర్టు 2024లో ప్రకటించింది. వాతావరణ పరిరక్షణ దేశాల చట్టబద్ధ బాధ్యత అని, దాన్ని ఉల్లంఘిస్తే పరిహారం కూడా చెల్లించవలసి రావచ్చని అంతర్జాతీయ న్యాయస్థానం 2025లో సలహాపూర్వక అభిప్రాయం వెలువరించింది.