లెక్కల పట్టికనుండి పుట్టిన నాటకము

రజతోత్సవ సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యకర్తలు నన్ను కోరిరి. రాజవంశముల చరిత్ర వ్రాయుటకు నేను పండితుడను గాను. మా తాతతండ్రులు పట్వారీలు. ఆ పదవులు 1984లో రద్దైనవి. నేను నేడు ఊరి సంఘముల లెక్కలు వ్రాయుచు, తీరికవేళల భారత భాగవతములు స్వయముగా చదువుకొన్నవాడను. కావున లెక్కలతో సంబంధముగల చరిత్రనే యెన్నుకొంటిని. అది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము పుట్టిన చరిత్ర.

అప్పారావుగారు (1862–1915) కొంతకాలము డిప్యూటీ కలెక్టరు కచేరీలో ప్రధాన లేఖకులుగా పనిచేసినవారు. దస్త్రముల వాసన వారికి క్రొత్త గాదు. ఆ కాలమున విజయనగర ప్రభువైన ఆనందగజపతి మహారాజు, విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని జరిపిన బ్రాహ్మణ వివాహముల పట్టిక నొకదానిని తయారు చేయించిరి. అందలి వివాహములు 1034. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది నిండిన పసికందులు 3. గర్భమునందున్న శిశువునకు సైతము బేరము కుదుర్చుకొనుట కలదని అప్పారావుగారు తమ పీఠికలో వ్రాసిరి.

నా వృత్తిలో నేను నేర్చిన దొక్కటి. అంకెను చూచి ఎవడును సిగ్గుపడడు. పట్టికలో 99 అని చదివినవాడు తలయూపి పుట త్రిప్పును. ఆ తొంబదితొమ్మిదిలో ఒక బాలికకు పేరుపెట్టి, ఇల్లుపెట్టి, తండ్రిచేత బేరమాడించినచో, చదువరి తన యింటి గడపను జ్ఞాపకము చేసికొనును. అప్పారావుగారు చేసిన పని యిదియే. నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడెను. 1897లో అచ్చయ్యెను. 1909లో మిక్కిలి పెంచి తిరిగి వ్రాసిన ప్రతియే నేడు మనము చదువుచున్నది. వ్యావహారికమున నడచిన గ్రంథమును నేను గ్రాంథికమున పొగడుట చూచి అప్పారావుగారు నవ్వుకొందురేమో! నా చేతికి అలవడిన భాష యిది, మన్నింపుడు.

కథ మీ రెరిగినదే. అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని ముదుసలియైన లుబ్ధావధానులకు 1800 రూపాయలకు అమ్మజూచును. మేనమామ కరటకశాస్త్రి ఆ పెండ్లి తప్పింపబూని, తన శిష్యుడు మహేశమునకు ఆడువేషము వేసి, వానినే లుబ్ధావధానులకు అంటగట్టును. ముసలివాని పిసినిగొట్టుతనమునకు ఇంతకంటె తగిన ప్రతీకార మేమున్నది? పెండ్లి ముగిసిన పిమ్మట వధువు మాయమగును. చంపివేసినాడని ముసలివానిపై ఖూనీ నేరము పడును. పుట్టని ఆడుపిల్లకు శవమెక్కడిది? ఐనను సాక్ష్యములు కూడును, లంచములు నడచును, పత్రములు సిద్ధమగును.

ఇచ్చట మనము నవ్వుదుము. నవ్వుచునే యొకటి గమనింపవలెను. ఆ ఊర ప్రతివాని రహస్యమును మరియొకడు ఎరుగును. రామప్పపంతులునకును లుబ్ధావధానుల కూతురు మీనాక్షికిని గల సంబంధము ఊరికి తెలియని దేమియు గాదు. తెలిసియు ఎవడును పలుకడు, పలికినచో తన గుట్టు బయటపడునని. మేలుకోరి ఆడిన అబద్ధము సైతము ఒక మనిషిని ఉరికంబముదాక ఈడ్చుకొని పోవును. తుదకు నిజము చెప్పుటకు మగవేషము ధరించి వకీలు సౌజన్యారావు పంతులు నింటికి వచ్చినది వేశ్య మధురవాణి. పెద్దమనుష్యుల లెక్కలోనికి రాని మనిషియే లెక్క సరిచేసెను.

ఇది కోస్తా జిల్లాల కథ, మన కేల యనువారు కలరు. మన వైపు గడీలు, దస్త్రములు, గుట్టులు తక్కువా? నకిరేకల్లు ప్రాంతమున జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తామే నవలలు వ్రాసి, ఇచ్చటి గుట్టులను బయటపెట్టిరి. దాశరథి రంగాచార్యగారు 1969లో చిల్లర దేవుళ్లు వెలువరించి, నైజాము కాలపు పల్లెలోని దొరనే గాక కరణమునుగూడ నిలువదీసిరి. ఆ నవల చదివిననాడు మా యింటివారిలో ఒకరిద్దరు నాతో మాట మానివేసిరి.

సుమారు ఇరువదేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఈ గ్రంథాలయము అరుగుమీద నేనే కన్యాశుల్కము చదివి వినిపించితిని. లేని పెండ్లికూతురి ఖూనీ ఘట్టమున అందరును విరుగబడి నవ్విరి. తలుపుప్రక్క కూర్చున్న యొక వృద్ధురాలు మాత్రము నవ్వలేదు. జనము వెడలిన పిమ్మట నాయొద్దకు వచ్చి, “పంతులూ, మీ ఇంట్ల పాత కాయితాలున్నయంట గద. నా లగ్గంనాడు నాకెన్నేండ్లని రాసిన్రో సూసి చెప్తవా?” అని యడిగెను. ఆమె లగ్నపత్రిక వ్రాసినది మా తాతగారు. బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినను అది బ్రిటిష్ ఇండియాకే గాని నైజాము రాజ్యమునకు వర్తింపలేదు.

మూడు రాత్రులు కట్టలు విప్పి చూచితిని. బావుల లెక్క యున్నది, ఈతచెట్ల లెక్క యున్నది, తరి ఖుష్కీ శిస్తుల లెక్క పైసతో సహా యున్నది. ఆ బాలిక వయస్సు ఎచ్చటను లేదు. లేదని చెప్పితిని. ఆమె, “నాకెర్కే బిడ్డా, ఊకె అడిగిన” అని వెడలిపోయెను. ఇప్పుడామె లేదు.

విజయనగర ప్రభువు పట్టికయందు పేరులు లేకున్నను అంకెలైన నిలిచినవి. మన చిట్యాల కట్టలయం దవియు లేవు. పాతికేండ్లుగా మన గ్రంథాలయము పుస్తకములను కాపాడినది. ఇకనైన ఒక ఖాళీ పుస్తకము నుంచి, ఊరి వృద్ధులు చెప్పుమాటలను చెప్పినవి చెప్పినట్లు వ్రాయింపవలెనని నా విన్నపము. మొదటి పుట నేనే వ్రాసెదను. మా యింటి తప్పుతోనే మొదలిడెదను.