సిద్దిపేట నియోజకవర్గము - ఐదు ఉప ఎన్నికలు

ఎన్నికల చరిత్ర యనగా గెలిచినవారి పేర్ల పట్టిక యని పెక్కుమంది తలంతురు. రాజుల చరిత్రను పట్టాభిషేకముల పట్టికగా చదివిన అలవాటే దీనికి కారణము. కాని ఒక్క శాసనసభా నియోజకవర్గమును తీసికొని, ఏ యేట ఏ ప్రశ్న ప్రజల ముందు నిలిచినది, వారు దానికేమి జవాబు చెప్పిరి అని విచారించినచో ఆ పట్టిక వెనుక దేశచరిత్రయే కానవచ్చును. అట్టి విచారణకు హైదరాబాదు నుండి కరీంనగరము పోవు దారిలోనున్న సిద్దిపేటను మేము ఎన్నుకొంటిమి. సాధారణ ఎన్నికలు అన్ని నియోజకవర్గములకును ఉన్నవే. ఈ ఊరికి మాత్రము 1970 మొదలు 2010 వరకు ఐదు ఉప ఎన్నికలు వచ్చినవి. దీని విశేషము అంతయు వానిలోనే యున్నది.

మొదట ఆరంభకాలమును స్మరింతము. 1952లో హైదరాబాదు రాష్ట్రమున వయోజన ఓటుహక్కుపై తొలి ఎన్నికలు జరిగెను. తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడు ప్రాంతములన్నియు కూడిన ఆ శాసనసభలో 175 స్థానములుండెను. నాడు ఓటుకాగితముపై ముద్ర వేయు పద్ధతి లేదు. ప్రతి అభ్యర్థికి ఒక పెట్టె, పెట్టెపై ఒక గుర్తు. ఓటరు తెర చాటునకు పోయి తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో కాగితమును వేసి వచ్చెడివాడు. కొన్నియేండ్లకు ముందు వరకు దొర గడప ముందు చెప్పులు విడిచి నిలిచిన రైతుకును, కూలికిని ఆ తెర చాటు ఎంతటి స్వేచ్ఛయో మనము ఊహింపవచ్చును.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. ఆంధ్ర ప్రాంతమున 1955లోనే ఎన్నికలు జరిగి యుండుటచే 1957లో తెలంగాణ ప్రాంతమున మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగినవి. రెండు ప్రాంతములవారును ఒక్కమారుగా శాసనసభకు ఓటు వేసినది 1962లోనే. ఒక్క రాష్ట్రమైన తరువాత ఒక్క ఎన్నిక యగుటకు ఇన్నియేండ్లు పట్టినదన్నమాట.

1967లో సిద్దిపేట నుండి కాంగ్రెసు పక్షమున శ్రీ వి. బి. రాజు గారు ఎన్నికైరి. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమము చెలరేగెను. 1970లో రాజు గారు రాజ్యసభకు పోవుటతో స్థానము ఖాళీ యయ్యెను. ఆ ఉప ఎన్నికలో తెలంగాణ ప్రజాసమితి పక్షమున నిలిచిన శ్రీ అనంతుల మదన్ మోహన్ గారు గెలిచిరి. వీధులలో వినవచ్చిన నినాదమునకు ఓటుపెట్టెలో దొరికిన తొలి జవాబులలో ఇది యొకటి. మరుసటి యేడు లోక్‌సభ ఎన్నికలలో ప్రజాసమితి తెలంగాణలోని 14 స్థానములలో పదింటిని గెలిచెను. పిమ్మట ఆ పక్షము కాంగ్రెసులో కలిసిపోయెను. మదన్ మోహన్ గారును కాంగ్రెసులో చేరి, సిద్దిపేట నుండియే మరల మరల శాసనసభకు ఎన్నికైరి.

ఇక 1983. శ్రీ నందమూరి తారక రామారావు గారు స్థాపించిన తెలుగుదేశము రాష్ట్రమంతటను ప్రభంజనమువలె వీచి 294 స్థానములలో 200కు పైగా గెలిచెను. సిద్దిపేటలో ఆ పక్షమున నిలిచిన యువకుడు శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖర రావు. కాంగ్రెసులో తనకు రాజకీయ గురువైన మదన్ మోహన్ గారితోనే ఆయన పోటీ చేసెను. రాష్ట్రమంతయు ఒక వైపు మొగ్గగా సిద్దిపేట మరొక వైపు మొగ్గెను; గురువే గెలిచెను. ఆధిక్యము 877 ఓట్లు మాత్రమే. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొందురు గాక! 439 మంది ఓటర్లు మనసు మార్చుకొని యున్నచో ఫలితము తారుమారై యుండెడిది. ఆ మంది ఒక ఓమోస్తరు పల్లెలో దొరకుదురు.

1985 మధ్యంతర ఎన్నికలో శిష్యుడు గెలిచెను. 1989లో రాష్ట్రమున కాంగ్రెసు తిరిగి అధికారమునకు వచ్చినను సిద్దిపేట తెలుగుదేశమును విడువలేదు. 1994లోను, 1999లోను అదియే తీర్పు. గాలివాటమున పోవు ఊరు కాదిదియని ఈ పాటికే స్పష్టమయ్యెను.

2001 ఏప్రిలులో చంద్రశేఖర రావు గారు శాసనసభ ఉపసభాపతి పదవిని, సభ్యత్వమును, తెలుగుదేశమును విడిచి తెలంగాణ రాష్ట్ర సమితిని స్థాపించిరి. ఆ సెప్టెంబరులో జరిగిన ఉప ఎన్నికలో సిద్దిపేట ఆయనను 58,712 ఓట్ల ఆధిక్యముతో గెలిపించెను. 1970లో అడిగిన ప్రశ్ననే ముప్పదియొక్క సంవత్సరముల తరువాత మరల అడుగగా, ఆ ఊరు నాటి జవాబునే మరింత గట్టిగా చెప్పినట్లయ్యెను.

2004లో ఆయన శాసనసభకు సిద్దిపేట నుండియు, లోక్‌సభకు కరీంనగరము నుండియు గెలిచి, సిద్దిపేటను వదలుకొనిరి. మూడవ ఉప ఎన్నికలో ఆయన మేనల్లుడు శ్రీ తన్నీరు హరీశ్ రావు ఎన్నికయ్యెను. 2008లో సమితి శాసనసభ్యులు 16 మంది రాజీనామా చేయగా నాలుగవది వచ్చెను. పదవిని ప్రజల చేతిలో తిరిగి పెట్టుట రెండువైపుల పదునుగల కత్తి. ఆ 16 స్థానములలో సమితి నిలుపుకొన్నవి ఏడు మాత్రమే. సిద్దిపేటలో మాత్రము 58,935 ఓట్ల ఆధిక్యము వచ్చెను. 2009 డిసెంబరులో కేంద్రము తెలంగాణ ప్రకటన చేసి పిదప వెనుదీయుటతో రాజీనామాలు మరల వచ్చెను. 2010 జూలైలో 12 స్థానములకు ఎన్నికలు జరుగగా, సమితి పోటీ చేసిన పదునొకండును గెలిచెను. ఐదవ ఉప ఎన్నికలో సిద్దిపేట ఆధిక్యము 95,858.

ఆ సందర్భమున ఒక వింత జరిగెను. నాటి ఓటింగు యంత్రములలో 64 మంది అభ్యర్థుల వరకే చోటుండెను. కొన్ని నియోజకవర్గములలో స్వతంత్రులు లెక్కకు మించి నిలుచుటచే యంత్రములను ప్రక్కనబెట్టి కాగితపు ఓటునకే మరల పోవలసి వచ్చెను.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాకేంద్రమయ్యెను. 2018లో హరీశ్ రావు గారి ఆధిక్యము 1,18,699కి చేరెను. 2023లో రాష్ట్రమున కాంగ్రెసు గెలిచినను, సిద్దిపేట 82,308 ఓట్ల ఆధిక్యముతో ఆయననే పంపెను. 1983, 1989ల వలెనే ఇదియు ఎదురీతయే.

ఈ సంఖ్యలను పోల్చుటలో కొంత జాగరూకత వలయును. 1989 నుండి ఓటువయస్సు 21 నుండి 18కి తగ్గెను, 2009 ఎన్నిక నాటికి సరిహద్దులు మారినవి, జనసంఖ్య పెరిగినది. కావున 877నకును, 1,18,699నకును గల అంతరమంతయు అభిమానమేయని చెప్పరాదు. అయినను తులనాత్మకముగా చూచినచో ఒక సత్యము నిలుచును. 1983లో ఆ ఊరి ముందున్నది ఇద్దరు మనుష్యులలో ఎవరన్న ప్రశ్న. ఊరు రెండుగా చీలెను. 2001లోను, 2010లోను ముందున్నది ఒక రాష్ట్రము కావలెనా యన్న ప్రశ్న, ఊరు ఒక్కటయ్యెను.

ఇందు చింతింపదగిన అంశమును కలదు. ఉప ఎన్నిక ఖర్చుతో కూడిన పని. అది ముగియు వరకు ఆ ప్రాంతమునకు సభలో ప్రతినిధి యుండడు. 1985 నుండి 2023 వరకు ప్రతి ఎన్నికలోను మామయో, మేనల్లుడో గెలిచిన చోట ఎదుటిపక్షము చిక్కిపోవుట సహజము. దృఢమైన విశ్వాసము ఒక ఊరికి బలము. దానితోడనే, ప్రశ్నించువాడు లేకపోవుట లోపము. చెఱువునకు కట్ట యెంత అవసరమో తూము అంత అవసరము గదా!

అయినను, రాజీనామా చేసిన ప్రతిసారియు నాయకుడు ఈ ఓటరు గుమ్మమునకే వచ్చి నిలువవలసి వచ్చెను. ప్రజాస్వామ్యమున సభ్యత్వము ప్రజల సొత్తు, సభ్యుడు దానిని ఎరవుగా తీసికొనినవాడే యని ఈ ఐదు ఉప ఎన్నికలును మనకు నేర్పుచున్నవి. తన ఒక్క ఓటుతో నేమగునని ఇంట కూర్చుండువారికి మేము చెప్పవలసిన మాట ఒక్కటియే: లక్ష దాటిన ఆధిక్యమును చూచి మోసపోకుడు, అదే ఊరిలో ఒకనాడు 439 మంది చేతిలో చరిత్ర నిలిచి యుండెనని మరువకుడు.